నీరు - దారి

ఊరు పుట్టుటకు రెండు వస్తువులు కావలెను. ఒకటి నీరు, రెండవది దారి. అందుచేతనే మన పూర్వులు ఊరు కట్టదలచినపుడు మొదట చెరువు త్రవ్వించి, పిదప బాట వేయించెడివారు. నీరు లేని యూరు నిలువదు. దారి లేని యూరు పెరుగదు. అయితే ఊరు మితిమీరి పెరిగినపుడు మొదట కొరతపడునవి కూడ ఈ రెండే. వీథి కొళాయి యొద్ద బిందెల వరుసయు, కూడలి యొద్ద బండ్ల వరుసయు ఒకే నగరములో నిత్యము మనకు కనబడుచుండును. ఈ రెండు వరుసలకు గల సంబంధ మేమియో ఈ పాఠములో తెలిసికొందము.

తెలంగాణ రాష్ట్రమునకు పడమటి సరిహద్దున, సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ అను పట్టణము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించు వరకు ఇది మెదకు జిల్లాలో నుండెను. కర్ణాటకములోని బీదరు దీనికి సమీపమున నున్నది. అందుచేత ఇచటి సంతలో తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు కూడ వినవచ్చును. జొన్న, కంది, పెసర, ప్రత్తి ఇచటి పైరులు. సేద్యము చాలవరకు వానపైననే ఆధారపడియున్నది.

ఈ ప్రాంతమునకు నది లేకపోలేదు. మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టిన మంజీర, కర్ణాటకమును దాటి ఈ వైపుననే తెలంగాణములో ప్రవేశించును. అచటినుండి తూర్పుగా పారి, ఉత్తరమునకు మరలి, నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. ఈ నదిపై 1931లో నిజాంసాగరము పూర్తియైనది. అది దిగువ పొలములకు నీరిచ్చుటకై కట్టబడినది. పిమ్మట హైదరాబాదు నగరపు దాహము తీర్చుటకై సంగారెడ్డి సమీపమున మంజీర ఆనకట్టయు, దానికి ఎగువను సింగూరు జలాశయమును వెలసినవి. సింగూరులో సుమారు 30 టి.యం.సి.ల నీరు నిలువ చేయవచ్చును. శతకోటి ఘనపుటడుగుల నీటిని ఒక టి.యం.సి. యందురు. అనగా సుమారు 2,830 కోట్ల లీటర్లు. జలాశయము కొరకు పెక్కు గ్రామములవారు తమ భూములను వదలుకొనిరి. వారి త్యాగమువలననే నగరములోని కొళాయిలలో నీరు వచ్చెను.

ఇక హైదరాబాదు మాట చూతము. 1591లో నిర్మింపబడిన ఈ నగరమునకు మొదటినుండియు నీటిపై శ్రద్ధ యుండెను. నగరము పుట్టుటకు పూర్వమే హుస్సేనుసాగరము త్రవ్వబడినది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. అపుడు నగరమును కాపాడు ఉపాయము చెప్పుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరద నీటిని నగరమునకు ఎగువనే నిలుపవలెనని వారు సూచించిరి. ఆ సూచన ననుసరించి 1920లో ఉస్మానుసాగరమును, 1927లో హిమాయతుసాగరమును పూర్తియైనవి. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరైనది. ఒక్క పనితో రెండు కష్టములను తీర్చిన బుద్ధిమంతుల కార్యమిది.

కాని నగరము అంతటితో ఆగలేదు. 1951లో సుమారు 11 లక్షలుగా నున్న జనసంఖ్య 2011 నాటికి సుమారు 68 లక్షలైనది. రెండు సాగరములు చాలక మంజీరను, మంజీర చాలక కృష్ణను, కృష్ణ చాలక గోదావరిని నగరమునకు కొనిరావలసి వచ్చెను. 2015లో వానలు లేక సింగూరు అడుగంటినది. మంజీర నీరు నగరమునకు నిలిచిపోయెను. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి గొట్టములలో వచ్చిన కృష్ణా గోదావరీ జలములే నగరమును ఆదుకొనినవి.

దారుల కథయు ఇట్టిదే. 1932లో నిజాం రాష్ట్రపు రైల్వేశాఖవారు 27 బస్సులతో ప్రజల రాకపోకలకు ఏర్పాటుచేసిరి. నేడు లక్షలకొలది స్వంత వాహనములు వీథులను నింపుచున్నవి. నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయ రహదారి వేయబడినది. 2017లో మెట్రో రైలు నడక మొదలిడినది. అయినను కూడళ్ళయందు జనులు గడియలకొలది నిలిచియే యున్నారు. దీనికి కారణము ఒక చిన్న లెక్కవలన తెలియును. ఏబదిమంది ఒక బస్సులో పోయినచో వీథిలో పండ్రెండు మీటర్ల చోటు చాలును. ఆ ఏబదిమందియే కారునకు ఇద్దరు చొప్పున పోయినచో ఇరువదియైదు కార్లు కావలెను. ఒక్కొక్క కారు నాలుగు మీటర్లని లెక్కించినను, నడుమ ఎడము లేకయే నూరు మీటర్ల వీథి నిండిపోవును. వీథిని వెడల్పు చేసినకొలది కార్లు పెరుగుచుండిన, వెడల్పువలని లాభ మెంతకాలము నిలుచును?

ఇపుడు నారాయణఖేడ్ ప్రాంతమునకు మరలి వత్తము. వాన తప్పిన యేట ఇచటి పల్లెలలోను, తండాలలోను పని యుండదు. కూలీలు చెఱకు కొట్టుటకై చక్కెర కర్మాగారముల ప్రాంతములకు పోవుదురు. మరికొందరు నగరములో మేడలు కట్టు పనికి పోవుదురు. ఇంట వృద్ధులు మిగులుదురు. తలిదండ్రుల వెంట పోయిన పిల్లల చదువు నడుమనే ఆగిపోవును. నగరము చేరిన ఆ కూలివాడు తన సీమలో పారిన మంజీర నీటికొరకే అచట బిందె పట్టుకొని వరుసలో నిలుచును. పనిచోటికి పోవుటకై కిక్కిరిసిన వాహనమెక్కును. పల్లెలో నీటి కొరత నగరములో నీటి కొరతయై, దారి యిరుకై పరిణమించుచున్నది. కావున ఈ రెండును వేర్వేరు వ్యాధులు కావు. ఒకే వ్యాధికి రెండు లక్షణములు.

అట్లయిన నగరమునకు నీరు మానివేయవలెనా? అట్లు తలంచుట న్యాయము కాదు. దప్పికకు పల్లె యని, పట్టణమని భేదము లేదు. త్రాగునీటికే మొదటి స్థానమని మన దేశపు జలవిధానము 1987లోనే చెప్పినది. కాని నీరిచ్చిన సీమ ఎండిపోకుండ చూచుట నీరు త్రాగినవారి ధర్మము. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకములకు శంకుస్థాపన జరిగినది. సింగూరు నీటిని ఎత్తి ఈ మెరక పొలములకు పారించుట వాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. అయితే ఎత్తిపోతలవలన నీరు పైకెక్కునే గాని, నదిలో నీరు పుట్టదు. నదికి దిగువను నిజాంసాగరపు రైతులు కూడ ఉన్నారు. ఒకరి చేను తడుపుటకు వేరొకరి చేను ఎండరాదు. కావున పంపకము న్యాయముగా నుండవలెను. దానితోపాటు వాన నీటిని పడినచోటనే నిలుపవలెను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కాకతీయుల నాడు ఒక చెరువు నిండి పొరలిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు గొలుసుగా చెరువులు కట్టిరి. రామప్ప, పాకాల చెరువులు నేటికిని నిలిచియున్నవి. 2015లో రాష్ట్ర ప్రభుత్వము మిషన్ కాకతీయ అను పేర చెరువుల పూడిక తీయించుట కారంభించినది. నగరములలో చెరువులను పూడ్చి, కాలువలపై ఇండ్లు కట్టిన ఫలితము 2020 అక్టోబరులో హైదరాబాదునకు తెలిసివచ్చెను. నిలుచుటకు చోటు లేని నీరు వీథులలో నిలిచినది. నీరు నిలిచిన వీథులలో బండ్లు నిలిచినవి. చెరువును కాపాడుట దారిని కాపాడుట యని ఆనాడు ఎల్లరు కన్నులార చూచిరి.

ఇతర దేశములనుండియు మనము నేర్చుకొనదగిన దున్నది. సింగపూరు చిన్న ద్వీపము. దానికి పెద్ద నదులు లేవు. అచటివారు వాన నీటిని జలాశయములకు మళ్ళింతురు. వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడుదురు. 1975లోనే వారు రద్దీవేళ నగరమధ్యమున ప్రవేశించు కార్లపై రుసుము విధించి, బస్సులకు దారి సుగమము చేసిరి. చోటు తక్కువయని వారు దుఃఖించుచు కూర్చుండలేదు. ఉన్నదానిని కొలిచి వాడుకొనిరి.

పెరుగుచున్న రాష్ట్రమునకు కావలసినది కూడ ఈ కొలతయే. చెరువులను, వాని కాలువలను చెక్కుచెదరకుండ కాపాడవలెను. వాడిన నీటిని పారబోయక, తోటలకును పరిశ్రమలకును ఉపయోగింపవలెను. స్వంత వాహనములకంటె పదిమంది ఎక్కు బస్సులకును రైళ్ళకును దారిలో ముందుచోటు ఈయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పని, కళాశాల, వైద్యశాల అనునవి ఒక్క నగరముననే గాక నారాయణఖేడ్ వంటి పట్టణములందును నెలకొల్పవలెను. ఊరిలోనే బ్రదుకు దొరికినచో ఊరు విడిచి పోవువా రెవ్వరు?

విద్యార్థులారా! ఇవి యన్నియు ప్రభుత్వము చేయవలసిన పనులని మీరు తలంపవచ్చును. కొంతవరకు నిజమే. కాని మీ పాఠశాల కప్పును ఒకసారి కొలిచి చూడుడు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన పడినచో వేయి లీటర్ల నీరు దొరకును. ఏడాదిలో 80 సెంటీమీటర్ల వాన కురిసినచో అది 80,000 లీటర్లగును. ఆ నీరు ఇపుడు ఎచటికి పోవుచున్నదో కనుగొనుడు. దానిని మీ బావివైపు మళ్ళించుటకు ఒక గొట్టమును, ఒక గుంటయు చాలును. రేపటి వానకు ముందు ఆ గుంట త్రవ్విన బడిపిల్లలు, ఎల్లుండి చెరువును కాపాడు పౌరులగుదురు.

ప్రశ్నలు

1. ఉస్మానుసాగర, హిమాయతుసాగరముల నిర్మాణమువలన హైదరాబాదునకు కలిగిన రెండు ప్రయోజనము లెవ్వి?
2. “ఎత్తిపోతలవలన నదిలో నీరు పుట్టదు” అనుటలోని భావమును వివరింపుము.
3. పల్లెలోని నీటి కొరతకును, నగరములోని దారి యిరుకునకును గల సంబంధ మెట్టిది?
4. మీ పాఠశాల కప్పును కొలిచి, ఒక్క సెంటీమీటరు వానకు ఎన్ని లీటర్ల నీరు చేరునో లెక్కగట్టుము.