వెన్నుపాము పాత దెబ్బను మరచిపోతుందా?

వేడి గంజి ఒలికితే క్షణంలో బొబ్బ లేస్తుంది. కాని తగిలిన ఆరునెలలకు గాని బయటపడని దెబ్బ గురించి మీరెప్పుడైనా విన్నారా?

ఒక ఎలుక మెడలోని వెన్నుపాముపై 20 గ్రేలకు మించిన ఎక్స్‌రే కిరణాలను ఒకేసారి ప్రసరింపజేశారనుకోండి. కిలోగ్రాము పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. 20 గ్రేల శక్తికి నీరు డిగ్రీలో 200వ వంతు కూడా వేడెక్కదు! అయినా ఆ కిరణాలు కణాలలోని డి.ఎన్.ఎ. పోగులను తెంచివేస్తాయి. ఎలుక మాత్రం మామూలుగానే తింటూ తిరుగుతూ ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక కాళ్లు చచ్చుబడతాయి.

ఇంత ఆలస్యమెందుకు? పోగులు తెగిన కణం చాలావరకు విభజన చెందబోయినప్పుడే చస్తుంది. కరెంటు తీగకు రబ్బరు తొడుగులాగా నాడీతంతువులకు మయిలిన్ అనే తొడుగు ఉంటుంది. దానిని తయారుచేసే కణాలూ, సన్నని రక్తనాళాల గోడల కణాలూ అరుదుగా విభజన చెందుతాయి. అందుకే దెబ్బ అంతకాలం దాగి ఉంటుంది. ముందు చెడేది తొడుగా, రక్తనాళమా అని శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. రక్తనాళాల పాత్ర పెద్దదేనని తర్వాతి ప్రయోగాలు సూచించాయి.

ఎలుకల సంగతి మనకెందుకంటారా? గొంతులోనో ఊపిరితిత్తిలోనో క్యాన్సర్ కంతి ఉంటే, కిరణాల దారిలో వెన్నుపాము అడ్డువస్తుంది. అందుకని డాక్టర్లు రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున ఇస్తూ, వెన్నుపాముకు తగిలే మొత్తం 45-50 గ్రేలు దాటకుండా చూస్తారు. మరి కొన్నేళ్లకు అక్కడే మళ్లీ కంతి లేస్తే? మళ్లీ చికిత్స చేస్తే కాళ్లు పడిపోవచ్చు. మానితే ప్రాణమే పోవచ్చు. పైకి చూసి లోపలి దెబ్బ మానిందో లేదో చెప్పడం కుదరదు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో కె. కియన్ ఆంగ్ బృందం ఈ ప్రశ్నను రీసస్ కోతులపై పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రకటించింది. కోతుల వెన్నుపాముకు మొదట 20 విడతలలో 44 గ్రేలు ఇచ్చారు. ఒకటి, రెండు, మూడేళ్ల తర్వాత అంతకంటే పెద్ద మోతాదు మళ్లీ ఇచ్చారు. రెండూ కలిపితే 100 గ్రేలు దాటాయి! చివరిదాకా పరిశీలించిన 45 కోతులలో ముఖ్యంగా కాళ్లు బలహీనపడినవి నాలుగే. మొదటి దెబ్బలో దాదాపు మూడు వంతులు ఏడాదిలోనే మానిందనీ, గడువు పెరిగినకొద్దీ ఇంకా మానిందనీ వారు లెక్కగట్టారు. పాపం, ఆ మూగజీవాలు కోరి ప్రయోగశాలకు రాలేదు. ఈ లెక్క మాత్రం వాటి వల్లనే తేలింది.

అయితే మొదటి మోతాదు మరీ పెద్దదైతే ఇంతగా మానదు. అందుకే రెండోసారి చికిత్సకు ముందు డాక్టర్లు పాత కాగితాలు తిరగేసి, అప్పుడెంత ఇచ్చారో, కనీసం ఆరునెలలైనా గడిచాయో లేదో చూస్తారు.