కొనే ముందు గది చూడు

తమ్ముడూ,

కాన్ఫోకల్ మైక్రోస్కోపు కోసం నువ్వు పంపిన కొటేషన్లు రెండూ చదివాను. సగం సామాను నీకు అక్కర్లేదు. కోటి దాటే యంత్రం బందరు కాలేజీకి వస్తోందంటే మీ ప్రిన్సిపాల్ గారి సంబరం నాకు అర్థమవుతుంది. కానీ రేపు దాన్ని సాకాల్సింది నువ్వే.

ముందు నీ పరిశోధన సంగతి. డాక్సోరుబిసిన్‌ని నానో రేణువుల్లో పెట్టి కేన్సర్ కణాల్లోకి పంపుతున్నావు. ఆ మందుకి విడిగా రంగు అద్దక్కర్లేదు, 488 నానోమీటర్ల లేజర్ తగిలితే తనే నారింజ ఎరుపుగా మెరుస్తుంది. న్యూక్లియస్‌ని నీలంగా చూపే డాపీకి 405 కావాలి. రేణువుకి ఎర్రచివరి (ఫార్ రెడ్) రంగు వేరే తగిలిస్తావు కాబట్టి 640 ఒకటి. ఈ మూడూ ఉంటే నీ పని జరుగుతుంది. తక్కినవి తర్వాత చూద్దాం.

మామూలు ఫ్లోరోసెంట్ మైక్రోస్కోపులో కణం పైన, కింద ఉన్న వెలుగంతా కలిసిపోతుంది. కాన్ఫోకల్‌లో సన్నటి రంధ్రం ఒకటి ఆ పరాయి వెలుగుని ఆపేసి, ఒక్కో పొరనే చూపిస్తుంది. రేణువు కణం పైపొరకి అంటుకుని ఉందా, లోపలికి దిగిందా అని తేల్చేది అక్కడే. (మిన్స్కీ అనే శాస్త్రవేత్త ఈ ఉపాయానికి 1957లో పేటెంట్ అడిగేనాటికి లేజరే పుట్టలేదు!) అలాగని ఎరుపు కనబడగానే రేణువు లోపలికెళ్ళిందని పేపర్లో రాసెయ్యకు. మందు దారిలోనే కారిపోయి ఒంటరిగా వెళ్ళి ఉండొచ్చు. విడి మందు ఇచ్చిన కణాలనీ, 4 డిగ్రీల దగ్గర ఉంచిన కణాలనీ పక్కన పెట్టి చూడు. అంత చలికి కణాలు మింగడం మానేస్తాయి. అప్పుడూ ఎరుపు లోపల అంతే కనిపిస్తే, నీ రేణువు గొప్ప గురించి మళ్ళీ ఆలోచించాలి.

ఇక గది. అదురు ఉండదని కంపెనీ ఇంజనీర్ కింది అంతస్తే అడుగుతాడు. ఆయన మాట నిజమే. కానీ మన ఊళ్ళో కింది అంతస్తంటే బందరుని ముంచిన 1864 ఉప్పెన గుర్తు రావాలి, 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన గుర్తు రావాలి. మొదటి అంతస్తులో, స్తంభానికి ఆనుకుని, లిఫ్టుకీ జనరేటర్‌కీ దూరంగా గది అడుగు. అదురు తగ్గించే బల్ల ధర టెండర్లోనే కలుపు. ఏసీ రాత్రిళ్ళు కట్టేసే అలవాటుంటే ఈ ఉప్పుగాలికి, చెమ్మకి లెన్సుల మీద బూజు పడుతుంది. కరెంటు బిల్లు సంగతి ఇప్పుడే తేల్చుకో. ఆన్‌లైన్ యూపీఎస్ లేకుండా లేజర్ వెలిగించనివ్వకు.

అద్దాల సంగతి తెలిసినవాళ్ళు బందరులో లేరనుకోకు. ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1926లో అక్కడే మొదలైంది, 1983లో బీఈఎల్ చేతికి వెళ్ళింది. చీకట్లో చూసే పరికరాలు చేసే ఊరు మనది. అక్కడ రిటైరైన పెద్దవాళ్ళెవరైనా దొరికితే ఒక పూట కూర్చో. ఆ గాలిలో లెన్సు ఎలా దాచాలో కంపెనీ పుస్తకం కంటే వాళ్ళు బాగా చెబుతారు.

మనిషి లేకపోతే యంత్రం ఎందుకు? మూడేళ్ళకి వెళ్ళిపోయే రీసెర్చి స్కాలర్ చేతిలో పెడితే నాలుగో ఏడు దుప్పటి కప్పుకుని పడుంటుంది. ఒక శాశ్వత ఆపరేటర్, వారంటీ తర్వాత ఏటా సర్వీసు కాంట్రాక్టు, ఈ రెంటికీ డబ్బు రాసిపెట్టని ప్రతిపాదన మీద సంతకం పెట్టకు.

ఈలోగా సీసీఎంబీలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఫీజు కట్టి కాన్ఫోకల్ మీద టైము తీసుకో. ఐ-స్టెమ్ పోర్టల్లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో కనిపిస్తుంది. నీ స్లైడ్లు నీ కళ్ళతో చూశాక స్పెసిఫికేషన్ అదే తేలుతుంది. డెమోకి వచ్చిన కంపెనీలవాళ్ళకి కూడా ఆ స్లైడ్లే ఇవ్వు, వాళ్ళు తెచ్చుకున్న అందమైనవి కాదు. పిల్లల్ని 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్పులే వాడమను. 63 ఎక్స్ ఆయిల్ లెన్సుని ఆ మందానికే లెక్కగట్టి చేస్తారు.

బతికున్న కణాలని గంటల తరబడి చూసే ఉద్దేశం నీకు లేదన్నావుగా, కొటేషన్లో లైవ్ సెల్ చాంబర్ వరస ఇప్పుడే కొట్టెయ్. మిగతా సంగతులకి ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, తీరిగ్గా మాట్లాడదాం.

మీ అక్క