ఆచార్య రంగా గారి ఎన్నికల బాట

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న ఒక రైతు కుటుంబంలో పుట్టిన గోగినేని రంగనాయకులు గారిని ఈనాటి విద్యార్థి మిత్రులు చాలమంది లాం వ్యవసాయ విశ్వవిద్యాలయం బోర్డు మీది పేరుగానే ఎరుగుదురు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిన ఆయన 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. చివరిసారి పార్లమెంటు విడిచినది 1991లో. నడుమ కొన్ని ఖాళీలున్నా, ఇంత దీర్ఘమైన చట్టసభ జీవితం మన దేశంలో బహు అరుదు. సైన్సు విద్యార్థిని గనుక ఆయనను పొగడడం కంటె ఆయన గెలుపు ఓటములను ఒక ప్రయోగ ఫలితాల పట్టికలా చూడాలని నా ప్రయత్నం.

ముందుగా ఓటరు ఎవరో చూడాలి. 1930 నాటి ఓటు అందరిదీ కాదు. ఆస్తి, పన్ను చెల్లింపు వంటి అర్హతలుండేవి. కనుక ఊళ్ళో పట్టాదారుకు ఓటుండవచ్చు గాని, అతని చేలో మిరపకాయలు కోసే కూలికి ఉండేది కాదు. 1951-52 ఎన్నికలనాటికి ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతివారికీ ఓటు వచ్చింది. నాయకుడు అదే మనిషి, ఊరు అదే ఊరు, కాని లెక్కపెట్టే చేతులు మారిపోయాయి. రంగా గారి జీవితంలో నాకు ముఖ్యంగా తోచిన సంగతి ఇదే.

నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి కార్యకర్తలను తయారుచేశారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఒకరయ్యారు. ఆ రోజుల్లో జమీందారు అందరికీ ఎదుటివాడే, గనుక సొంత భూమి ఉన్నవాడూ, కౌలుదారూ, కూలీ ఒకే జెండా కింద నడవగలిగారు. జమీందారీ పోయాక ఆ ముగ్గురి దారులూ వేరయ్యాయి. 1951లో కాంగ్రెసు వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, 1952 నుంచి రాజ్యసభలో ఉన్నారు, మళ్ళీ కాంగ్రెసుకు చేరి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయం, భూ పరిమితి తీర్మానించింది. ఎవరి గట్టు వారిదిగా సేద్యం చేసుకునే రైతు తన భూమిని ఉమ్మడిలో కలపడం రంగా గారికి గిట్టలేదు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. పదవి, పలుకుబడి ఉన్న పక్షాన్ని సిద్ధాంతం కోసం విడిచిపెట్టడం చిన్న విషయం కాదు. కాని 1962లో తెనాలి ఓటరు ఆయనను ఓడించి కమ్యూనిస్టు కొల్లా వెంకయ్య గారిని పంపాడు.

ఎందుచేత? మాగాణి సీమలో కూలీలూ, కౌలుదార్లూ దండిగా ఉన్నారు. వారికి సొంత గట్టు అంటూ ఉంటేగదా, అది పోతుందని భయం! మాకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పత్తి మీద పురుగు పడిన ఏడు సొంత పొలంలో నష్టమే మిగులుతుంది, కౌలు పొలంలో నష్టంతోబాటు కౌలు బాకీ కూడా మిగులుతుంది. ఇదంతా చూస్తూ పెరిగినవాణ్ణి గనుక, రంగా గారి "రైతు" అనే మాటలో మా నాయన సగమే ఇమిడాడని నాకు అనిపిస్తుంది. ఆ సగానికి మాత్రం ఆయన గట్టి వకీలు, కాదనను.

ఓడినా ఆయన సభకు దూరం కాలేదు. చిత్తూరు సభ్యులు అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళగా, ఖాళీ అయిన ఆ స్థానం ఉపఎన్నికలో గెలిచారు. నాలుగవ లోక్‌సభలో శ్రీకాకుళం సభ్యులు. అక్కడ శిష్యుడు గౌతు లచ్చన్న గారి పలుకుబడి కొండంత. ఒక నాయకుడు రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళి సభ్యుడు కావడం స్వపక్షం బలమో, సొంతగడ్డ బలహీనతో చదువరులే తేల్చుకోవాలి. స్వతంత్ర పార్టీ 1967లో 44 స్థానాలు తెచ్చుకొని, 1971లో 8కి పడిపోయింది. ఆయన తిరిగి కాంగ్రెసులోకి వచ్చి, 1977లో రాజ్యసభకు వెళ్ళారు. రాజ్యసభ సభ్యులను ఎన్నుకొనేది శాసనసభ్యులు. పొలంగట్టు మీది ఓటరుతో అక్కడ పనిలేదు.

అసలు విశేషం 1980లో మొదలు. డెబ్బయి తొమ్మిదేళ్ళ వయస్సులో గుంటూరు నుంచి గెలిచారు. 1984లో ఇందిరా గాంధీ హత్యానంతరం దేశమంతటా కాంగ్రెసు గాలి వీస్తే, మన రాష్ట్రంలో తెలుగుదేశం గాలి వీచింది. 42 స్థానాలలో కాంగ్రెసుకు దక్కినవి 6. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి! 1989లో, ఎనభై తొమ్మిదేళ్ళకు, మరల గెలిచారు. 1991లో ఆ స్థానం తెలుగుదేశం అభ్యర్థి లాల్‌జాన్ బాషా గారికి వెళ్ళింది. అదే ఏడు రంగా గారికి పద్మవిభూషణ్ ఇచ్చారు. 1995 జూన్ 9న కన్నుమూశారు.

ఆయనను ఓడించిన తెనాలి లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనతో రద్దయింది. తెనాలి, నిడుబ్రోలు పక్కనున్న పొన్నూరు, మా ప్రత్తిపాడు ఇప్పుడు గుంటూరు లోక్‌సభ స్థానంలోనే ఉన్నాయి. మాగాణి కూలీ, మెట్ట పత్తి రైతు, మిర్చి యార్డు హమాలీ ఒకే అభ్యర్థికి ఓటు వేస్తారు, లేక వెయ్యరు. ఓటు అడగవచ్చే అభ్యర్థిని కౌలు కార్డు సంగతి నిలబెట్టి అడగమని మా నాయనకు చెప్పాను. "నువ్వే అడుగు, నీకూ ఓటొచ్చిందిగా" అన్నాడు.