పంటను కాచు చిన్న సాలీళ్లు

సాలెవాని వలె దారము తీసి నేయునది గనుక మన పెద్దలు ఈ ప్రాణిని సాలీడు అనిరి. ఇంటి మూలలలో గూడు కట్టు సాలీళ్లను అందరును ఎరుగుదురు. గడ్డి మొదళ్లలో, నేలకు జానెడెత్తున, నువ్వుగింజ యంత దేహముతో బ్రతుకు సాలీళ్లు మరియొక కుటుంబమునకు చెందినవి. శాస్త్రజ్ఞులు దానికి లినిఫియిడే అని పేరిడిరి. ఇందు 4,500కు పైగా జాతులు గలవు. ఇవి చలిదేశములలో మెండు.

ఇంగ్లండులో వీనిని డబ్బు సాలీళ్లందురు. మీద వాలిన ధనము చేకూరునని అచ్చటివారి నమ్మకము. ఆ నమ్మకమెట్లున్నను, బియ్యపు వర్తకమునకు వీనివలన మేలు కలుగు మాట నిజము.

వీని వల బండిచక్రము వలె నుండదు; పరచిన పలుచని దుప్పటి వలె నుండును. సాలీడు దాని అడుగున తలక్రిందులుగా వ్రేలాడుచుండును. పురుగు పైన పడినంతనే వల సందులనుండి కరచి క్రిందికి లాగుకొనును.

రెక్కలు లేకున్నను ఇవి దూరప్రయాణము చేయగలవు. గడ్డికొన కెక్కి, పొట్ట పైకెత్తి, దారము వదలి గాలిలో తేలిపోవును. 1832లో చార్లెస్ డార్విన్ ప్రయాణించిన బీగిల్ నౌక తీరమునకు 60 మైళ్ల దూరమున నుండగా, ఇట్లు తేలివచ్చిన చిన్న సాలీళ్లు వేలకొలది దానిపై వాలెను. గాలియే గాక వాతావరణమందలి విద్యుత్తు కూడ ఇట్టి సాలీళ్లను లేపగలదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి చూపిరి.

ఈ కుటుంబములోని అటిపెనా ఫార్మోసానా అను జాతి వరిచేలలో నివసించును. నీటికి కొంచెము పైన, దుబ్బు మొదళ్లలో వల పన్ని, పచ్చదోమ, సుడిదోమల పిల్లలను తినును. సుడిదోమ దుబ్బు మొదట చేరి రసము పీల్చగా చేను ఎండిపోవును. తొందరపడి మందు చల్లినచో సాలీళ్లు చచ్చును. దోమ గ్రుడ్లు ఆకు తొడిమలలో దాగి మిగులును. కాపు లేని చేలో దోమ మునుపటికంటె హెచ్చును. ఈ నష్టము చూచియే ఇండోనేషియా ప్రభుత్వము 1986లో 57 రకముల పురుగుమందులను వరిపై వాడరాదని నిషేధించెను.

నెల్లూరు, తిరువళ్లూరు, చెంగల్పట్టు ప్రాంతముల రైతులవద్ద ధాన్యము కొను చెన్నై వర్తకులు ఈ సంగతి వారితో ముచ్చటించుట మంచిది. మందు కొనుటకు ముందు దుబ్బును విడదీసి మొదలు చూడవలెను. దోమ కొద్దిగాను, సాలీళ్లు నిండుగాను ఉన్నచో కొన్నాళ్లు వేచి మరల చూచుట మేలు. అట్లు చేసిన మందు ఖర్చు మిగులును, అనవసరమైన హింసయు తప్పును.