బొమ్మ కారుకు రంగు ఎంత మందం?

సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ స్కేలు మోడల్ కార్ల మీదే. అన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే.

మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది, ఏపీ 30 నంబరు. ఊళ్లో పెళ్లిళ్లకీ, ఆస్పత్రికీ, స్టేషనుకీ అదే బండి. అమ్మేసి చాన్నాళ్లయింది. దాని నమూనా నా చేత్తో చేసి, ఆయన సహస్ర చంద్ర దర్శనం నాటికి ఇవ్వాలని ఉంది. ఏ స్కేలులో చెయ్యాలి? కొలతలు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి?
— ఓ కొడుకు, నరసన్నపేట

1:24 తీసుకోండి. అసలు కారులో 24 సెంటీమీటర్లున్నది మీ బల్ల మీద ఒక్క సెంటీమీటరు అవుతుంది. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్ల పైచిలుకు. 24తో భాగిస్తే 18 సెంటీమీటర్లు, జానెడు కన్నా కాస్త తక్కువ. 1:43లో చేస్తే పది సెంటీమీటర్లే వస్తుంది, తలుపు పిడులు చెయ్యడానికే కళ్లు పోతాయి. (ఆ 43 అనే వింత అంకె యూరప్ బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. అక్కడి ‘ఓ’ గేజి రైళ్లలో అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్క. రైలు పక్కన నిలబెట్టడానికి కార్లూ అదే లెక్కలో చేశారు.) 1:18లో 24 సెంటీమీటర్లు వస్తుంది గానీ, అంత పెద్ద బొమ్మలో మీరు ఏది వదిలేసినా చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ముందుగా ఇరుసుల మధ్య దూరం పట్టుకోండి. అంబాసిడర్‌కి అది 2,464 మిల్లీమీటర్లు, మీ కాగితం మీద 103కి ఒక వెంట్రుకవాసి తక్కువ. ఆ రెండు చుక్కలూ పెట్టుకుని మిగతా బొమ్మంతా వాటి చుట్టూ గీయండి. ఫొటో చూసి గీసేటప్పుడు దగ్గర్నుంచి తీసినదాన్ని నమ్మకండి. అందులో ముక్కు పెద్దదై, డిక్కీ కుంచించుకుపోతుంది. దూరంగా నిలబడి, జూమ్ చేసి, పక్క నుంచి తీసిన ఫొటో కావాలి.

ఇంకో మాట. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా వచ్చిన ఈ కారు 1957 నుంచి 2014 దాకా తయారైంది. దూరం నుంచి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గానీ మార్కు 2 గ్రిల్లు వేరు, మార్కు 4 గ్రిల్లు వేరు, నోవాది వేరు. నాన్నగారు కారు ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఇంట్లో ఉండే ఉంటుంది, వెతకండి. సొంత కారై, 2000కి ముందుదైతే నంబరు పలక నల్లగా, అక్షరాలు తెల్లగా ఉండాలి. ఇప్పటిలా తెల్ల పలక మీద నల్ల అక్షరాలు పెట్టారంటే ఆయన కళ్లు ముందు దాని మీదే పడతాయి.

రంగు పని కొత్తయితే నేరుగా ఈ బొమ్మ మీద మొదలుపెట్టకండి. సెంటీ టాయ్స్ వారి అంబాసిడర్ బొమ్మ కొని దాని మీద చెయ్యి తిప్పుకోండి. అది 1:24 కన్నా చిన్నది, పాడైనా బాధుండదు.

1:24 ప్లాస్టిక్ కిట్ కొన్నాను. యాక్రిలిక్ రంగు ఆరు పూతలు వేశాను. మెరుస్తోంది గానీ తలుపుల గీతలు మాయమై సబ్బు బిళ్లలా తయారైంది. నా చెయ్యి మంచిది కాదంటారా?
— ఓ పాఠకుడు, రాజాం

చెయ్యి మంచిదే, లెక్క తప్పింది. అసలు కారు మీద ప్రైమరు, రంగు, పైన క్లియరు అన్నీ కలిపినా దాదాపు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. అదే మందం మీ బొమ్మ మీద పడితే? 24తో గుణించి చూడండి. నిజం కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల మందాన లప్పం మెత్తినదానితో సమానం. తలుపుకీ బాడీకీ మధ్య సందు నిజం కారులో ఓ 5 మిల్లీమీటర్లు అనుకుంటే, బొమ్మలో 0.2. అటు అంచుకి 0.1, ఇటు అంచుకి 0.1 రంగు చేరిందంటే సందు పూడినట్టే. పొడవు, వెడల్పు, చక్రం, కిటికీ అన్నిటినీ శ్రద్ధగా 24తో భాగిస్తాం. రంగును మాత్రం భాగించకుండా వదిలేస్తాం. నా దగ్గరికొచ్చే బొమ్మల్లో ఎక్కువ వాటికి ఇదే జబ్బు. విడిభాగం ఒకటి తక్కువైనా కన్ను క్షమిస్తుంది, మందం పెరిగితే క్షమించదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇదీ. యాక్రిలికే కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రంగు ఊడదీయండి. కారు షెడ్డు తిన్నరు జోలికి పోవద్దు, రంగుతోపాటు ప్లాస్టిక్కూ కరిగిపోతుంది. తర్వాత బ్లేడు వీపుతోగానీ సూదితోగానీ తలుపు గీతల్ని ఒక్కసారి లోతు చెయ్యండి. ప్రైమరు పల్చగా కొట్టి, ఆరాక 1000 నంబరు వాటర్ పేపరు తడిపి తేలిగ్గా రుద్దండి. రంగు మొదటి పూతకే కప్పెయ్యాలని చూడకండి. కింది ప్రైమరు కనిపిస్తూనే ఉండాలి. స్ప్రే అయితే జానెడు దూరం నుంచి, కారు అవతల మొదలుపెట్టి ఇవతల దాటాక ఆపాలి. కారు మీదే నొక్కి, కారు మీదే వదిలితే ఆ రెండు చోట్లా ముద్ద కడుతుంది. ఇలాంటివి మూడు పూతలు చాలు.

చివర్లో బాగా పల్చన చేసిన ముదురు బూడిద రంగు గీతల్లోకి వదిలి, పైన తుడిచెయ్యండి. చాలామంది నలుపు వాడతారు. తెల్ల కారుకి అది కాటుక పెట్టినట్టుంటుంది, నాకు నచ్చదు. మెటాలిక్ రంగు కావాలంటే మోడళ్లకని చేసినదే కొనండి. కార్ల టచప్ సీసాలో మెరుపు రేణువు బొమ్మకి మరీ పెద్దది.

ఆగస్టులో మేడ మీద నల్ల లాకర్ స్ప్రే కొట్టాను. కొట్టినప్పుడు బాగానే ఉంది. కాసేపటికి తెల్లగా మసకబారిపోయింది. ఇదేటో అర్థం కావట్లేదు, డబ్బా నకిలీదా?
— ఓ పాఠకుడు, పలాస

డబ్బాను తిట్టకండి, ఇది గాలి పని. రాష్ట్రంలో అన్నిటికన్నా పొడవైన సముద్ర తీరం, 193 కిలోమీటర్లు, మీ జిల్లాదే. వానాకాలంలో ఆ తేమంతా మీ మేడ మీదే ఉంటుంది. లాకరులోని తిన్నరు చురుగ్గా ఆవిరవుతూ రంగు పొరను చల్లబరుస్తుంది. చల్లబడ్డ పొర మీద గాలిలోని తేమ నీరుగా చేరి రంగులో చిక్కుకుంటుంది. తెల్లగా కనబడేది అదే. నలుపులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తెలుపులో దాగిపోతుంది.

మీ ఊళ్లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకెళ్లి వానల్లో ఏం కలుపుతారో అడగండి. రిటార్డర్ తిన్నరు అంటారు. అది ఆవిరి కావడాన్ని నెమ్మదింపజేసి, తేమ బయటికి పోయే వ్యవధి ఇస్తుంది. మసకబారిన చోట దాన్ని మంచులా ఒక్క విసురు కొడితే చాలాసార్లు నలుపు తిరిగొస్తుంది. అయితే షెడ్డువాళ్లు కొట్టేది రేకు మీద, మీది ప్లాస్టిక్. ముందు బొమ్మ అడుగున, ఎవరికీ కనపడని చోట పరీక్షించుకోండి. అసలైతే లాకరు పనంతా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాచుకోండి. అప్పుడు కూడా మంచు విడిచాక, పదకొండు నుంచి మూడు లోపు. వానల్లో కోత, అతుకు, లప్పం పనులు పెట్టుకోవచ్చు.

మా గుంటడికి పన్నెండేళ్లు. మొన్న పైడితల్లమ్మ సిరిమాను పండగలో కొన్న కారు విప్పేసి, నా గోళ్ల రంగు పూసేశాడు. ఇప్పుడు కిట్ కొనమని గోల. ఆ వాసనలు పిల్లలకి మంచివేనా?
— ఓ తల్లి, విజయనగరం

కొనండమ్మా. కాకపోతే జిగురు అక్కర్లేకుండా నొక్కితే అతుక్కునే స్నాప్ కిట్ కొనండి. రంగులు నీళ్లలో కలిసే యాక్రిలిక్, బ్రష్షుతో. స్ప్రే, ఎనామిల్, తిన్నరు ఇప్పుడే వద్దు. గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది, తిన్నరు ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ ఫిల్టరున్నది కావాలి, అది పెద్దవాళ్ల పని. బ్లేడు వాడేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండండి. ప్లాస్టిక్ రుద్దేటప్పుడు తడిపి రుద్దమనండి, పొడి లేవదు.

మాది వీణల పని. పనస ముక్కలు బోలెడు మిగులుతాయి. వాటితో కారు చెక్కొచ్చా?
— ఓ పనివాడు, బొబ్బిలి దగ్గర గొల్లపల్లి

బహుమతులకిచ్చే బుల్లి వీణలు చేసే ఊరివారు మీరు. స్కేలు గురించి నేను మీకు చెప్పేదేముంది? చెక్కొచ్చు. పనస తేలికైనది, చెక్కుడుకి లొంగుతుంది. కానీ దాని రంధ్రాలు కొంచెం పెద్దవి. వీణ మీద అవి అందమే, 1:24 కారు బానెట్ మీద మాత్రం గుంటల్లా కనబడతాయి. సన్న లప్పంతో పూడ్చి, రుద్ది, మళ్లీ పూడ్చాలి. లేదా రంగు వెయ్యకుండా కర్ర రంగులోనే వదిలెయ్యండి. నన్నడిగితే అదే మేలు.

చక్రాలకి మాత్రం అంకుడు కర్ర వాడండి. ఏటికొప్పాక బొమ్మల కర్ర అదే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలకి రంగు బ్రష్షుతో వెయ్యరు. లేతు మీద తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి పల్చగా, ఒకే మందాన పరుచుకుంటుంది. పై ఉత్తరంలో రాజాం వారికి కావలసింది ఆ పల్చదనమే. అయితే ఆ పద్ధతి గుండ్రంగా తిరిగే వాటికే పనికొస్తుంది. చక్రాలు, స్టీరింగు, హెడ్‌లైటు గిన్నెలు చేయించుకోవచ్చు. బాడీకి కుదరదు.

కిటికీ అద్దాలు ఫెవిక్విక్‌తో అతికించాను. తెల్లారేసరికి తెల్లబడ్డాయి.
— ఓ విద్యార్థి, టెక్కలి

ఫెవిక్విక్ ఆవిరి అద్దం మీద పేరుకుంటే అంతే. అద్దాలకి మామూలు తెల్ల ఫెవికాల్ చుక్క చాలు, ఆరాక కనపడదు. తెల్లబడ్డవాటిని 2000 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, టూత్‌పేస్టుతో మెరుగు పెట్టి చూడండి.

పూర్తయిన కార్లు ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఏడాదికల్లా టైర్లు డబ్బాకి అతుక్కుపోయాయి. లాగితే అడుగున గుంట పడింది.
— ఓ పాఠకుడు, చీపురుపల్లి

మెత్తటి పీవీసీ టైరులో దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఒకటి ఉంటుంది. అది మెల్లగా బయటికొచ్చి, తగిలిన ప్లాస్టిక్కుని తినేస్తుంది. వేసవిలో ఇంకా తొందరగా. చక్రాలు ఆనకుండా కారు అడుగున రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తండి. లేదంటే టైర్ల కింద అల్యూమినియం రేకు పరవండి. కాగితం మాత్రం పెట్టొద్దు, పీల్చుకుని అవతలికి పంపేస్తుంది.