సెకండరీ వేరు, సెకండ్ ప్రైమరీ వేరు

మెడ ముందుభాగాన, స్వరపేటికకు దిగువన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీని పేరు అవటు గ్రంథి. దీనికి సోకే క్యాన్సర్లలో అధికభాగం నెమ్మదిగా పెరిగేవి. శస్త్రచికిత్సతోను, అవసరమైన వారికి రేడియో అయోడిన్ చికిత్సతోను రోగులలో చాలామంది దశాబ్దాల తరబడి జీవిస్తున్నారు. అందుచేతనే ఒక ప్రశ్న తలెత్తుతుంది. అంతకాలం జీవించినవారికి మరొక అవయవంలో క్యాన్సర్ కనబడితే, అది పాతదా, కొత్తదా?

పదేళ్ల క్రితం థైరాయిడ్ తీయించుకొన్న ఒక గృహిణికి రొమ్ములో గడ్డ తగిలిందనుకొందాం. బయాప్సీ రిపోర్టులో ‘సెకండ్ ప్రైమరీ’ అని ఉన్నది. ఇంటివారు దానిని ‘సెకండరీ’గా చదువుకొని, పాత వ్యాధి ఒళ్లంతా పాకినదని భావించి, ఇక వైద్యం వృథా అని నిరాశ చెందవచ్చును. ఈ రెండు మాటలూ వినడానికి దగ్గర. అర్థంలో ఎంతో దూరం. సెకండరీ అనగా పాత క్యాన్సర్ కణాలే మరొక చోటికి చేరి పెరగడం. థైరాయిడ్ క్యాన్సర్ ఆ విధంగా సాధారణంగా మెడలోని లింఫు గ్రంథులకు, ఊపిరితిత్తులకు, ఎముకలకు వ్యాపిస్తుంది. అక్కడ కూడ అవి థైరాయిడ్ కణాలే. సెకండ్ ప్రైమరీ అనగా మరొక అవయవంలో, ఆ అవయవపు కణాల నుండే స్వతంత్రంగా పుట్టిన వేరొక క్యాన్సర్. దానికి దశ వేరు, చికిత్స వేరు. తొలిదశలోనే పట్టుబడితే నయమయ్యే అవకాశం కూడ దానిదే.

తెలుగులో ‘ప్రాథమిక క్యాన్సర్’ అని వ్రాసినా చిక్కు తీరదు. ప్రాథమిక పాఠశాల అన్నట్లుగా దానిని మొదటి మెట్టు అనుకొనేవారున్నారు. ‘మూల క్యాన్సర్’ అనుట కొంత మేలు.

థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవారికి మరొక మూల క్యాన్సర్ వచ్చే అవకాశం సామాన్యుల కంటె కొద్దిగా ఎక్కువ. స్వీడన్, ఇటలీ, ఫ్రాన్సు దేశాలలోని 6,841 మంది రోగులను పరిశీలించి 2003లో ప్రకటించిన అధ్యయనంలో ఈ హెచ్చుదల 27 శాతంగా తేలింది. దీనిని నూటికి 27 మందికి వస్తుందని చదవరాదు. అదే వయసు సామాన్య జనంలో 100 మందికి వచ్చే చోట, వీరిలో 127 మందికి వచ్చినదని మాత్రమే దాని అర్థం.

కారణం ఒక్కటి కాదు. రేడియో అయోడిన్‌ను థైరాయిడ్ కణాలతో పాటు లాలాజల గ్రంథులు కూడ కొంత పీల్చుకొంటాయి. మిగిలినది ప్రధానంగా మూత్రం ద్వారా వెలుపలికి పోతుంది. జీవితకాలంలో పుచ్చుకొన్న మొత్తం మోతాదు పెరిగిన కొలది ఇతర క్యాన్సర్ల అవకాశమూ పెరుగుతుందని పై అధ్యయనమే చూపింది. అంతమాత్రాన అవసరమైన చికిత్సను నిరాకరించుట పొరపాటు. అయితే ప్రమాదం తక్కువగా ఉన్న చిన్న గడ్డలకు శస్త్రచికిత్స తరువాత అందరికీ ఈ మందు ఇవ్వాలన్న నియమం నేడు లేదు. తనకు అది ఎందుకు అవసరమో వైద్యుని అడుగుట రోగి హక్కు.

వ్యతిరేక దిశలోనూ సంబంధం ఉన్నది. బాల్యంలో హాడ్జ్‌కిన్ లింఫోమా వంటి వ్యాధికి మెడపై రేడియేషన్ పొందినవారికి చాలా ఏళ్ల తరువాత థైరాయిడ్ క్యాన్సర్ రావచ్చును. రొమ్ము క్యాన్సర్‌తో గల బంధమైతే ఉభయదిశలా కనబడుతున్నది. దాని మూలం ఇంకా పూర్తిగా తేలలేదు.

కొన్ని కుటుంబాలలో జన్యువే కారణం. పీటెన్ జన్యువులో లోపమున్న కౌడెన్ వ్యాధిలో థైరాయిడ్, రొమ్ము, గర్భాశయపు లోపొర మూడింటికీ ముప్పు ఉన్నది. ఏపీసీ జన్యులోపం పెద్దప్రేగులో వందలాది పాలిప్‌లను పుట్టిస్తుంది. అరుదుగా థైరాయిడ్‌ను కూడ తాకుతుంది. ఇట్టి కుటుంబాలు కొద్దే. అయినను మేనత్తకు, పినతల్లికి, అమ్మమ్మకు ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చినదో తెలియకపోతే వైద్యునికి ఆ అనుమానమే రాదు. మన ఇళ్లలో పెద్దల జబ్బు పేరు పిల్లల ముందు ఎత్తని అలవాటు ఇక్కడ హాని చేస్తున్నది.

ఎక్కువగా వెదకుట చేత ఎక్కువగా కనబడుట కూడ ఉన్నది. దక్షిణ కొరియాలో స్కానింగులు ప్రబలినందువలన 1993–2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ల నమోదు 15 రెట్లయింది. మరణాలు మాత్రం దాదాపు మారలేదు. కనుక భయంతో ఏటేటా ఒళ్లంతా స్కాన్ చేయించుకొనుట అనవసరం. 30 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో జరిగే నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలను థైరాయిడ్ రోగులు మానరాదు.

ఇంట తెలుగు, ఆసుపత్రిలో వేరొక భాష అయిన చోట ‘గొంతు ఆపరేషన్ అయింది’ అన్న ఒక్క మాటతో చరిత్ర ముగిసిపోతుంది. ఒక కాగితంపై క్యాన్సర్ రకం, ఆపరేషన్ జరిగిన సంవత్సరం, రేడియో అయోడిన్ ఎన్నిసార్లు, ఎన్ని మిల్లీక్యూరీలు ఇచ్చారో, మెడకు రేడియేషన్ ఇచ్చారో లేదో, రక్తసంబంధీకులలో ఎవరికి ఏ క్యాన్సరో వ్రాయించి ఫైలు మొదట ఉంచుకోవలెను. పాత బయాప్సీ రిపోర్టును, దొరికితే స్లైడును, దానితోనే భద్రపరచవలెను. కొత్త గడ్డ పాతదా కాదా అని తేల్చే వైద్యుడు మొదట అడిగేది వాటినే.