ఇద్దరెక్కితే బండి వెనక కుంగుతోందా?

ప్రశ్న: సాలువా నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా శ్రీకాకుళం వెళ్తుంటాం. ఒక్కడినే అయితే నా క్లాసిక్ 350 బైకు హాయిగా ఉంటుంది. మా ఆవిడ, సామాను తోడైతే స్పీడ్‌బ్రేకర్ల దగ్గర వెనక షాకబ్జార్బర్లు టక్కున కొట్టుకుంటున్నాయి. మార్చాలా?
– ఒక పాఠకుడు, సాలువా, ఖరగ్‌పూర్

జవాబు: ముందు ఖర్చులేని పని చేయండి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు అంచు దాకా కొలవండి. స్టాండ్ తీసి, ఇద్దరూ సామానుతో కూర్చున్నాక మళ్లీ కొలవండి. తేడా చక్రం మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు ఉండాలి. మించితే ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే మెట్ల సర్దుబాటు) పెంచండి, రెండువైపులా ఒకే మెట్టులో. ఒంటరిగా వెళ్లేటప్పుడు తగ్గించండి.

ప్రీలోడ్ బండి ఎత్తునే మారుస్తుంది, స్ప్రింగు గట్టిదనాన్ని కాదు. చివరి మెట్టులోనూ కుంగితే మీ బరువుకు తగిన గట్టి స్ప్రింగులు వేయించండి. గుంత దాటాకా ఊగుతుంటే, ఆయిల్ కారుతుంటే షాకబ్జార్బర్లు మార్చాల్సిందే. వెనక కూర్చున్నవారి నడుము భద్రత మీ చేతుల్లోనే ఉంది.